ఇంటి పరిశ్రమలు: లేజరు యంత్రమునకు బొమ్మను సిద్ధపఱచుట

తాము గీసిన ముగ్గును పలుచని చెక్కమీద అచ్చుగా కోయించి పండుగలకు అమ్ముకొనవలెనని మా సోదరీమణులలో పలువురకు కోరిక కలదు. కాని దుకాణమునకు బొమ్మను పంపినచో "ఈ ఫైలు పనికిరాదు" అని త్రిప్పి పంపుచున్నారనియు, లేదా తామే సరిచేసెదమని కోతకూలికి సమానమైన సొమ్ము పుచ్చుకొనుచున్నారనియు వారి మొఱ. పది అచ్చులు అమ్మిన వచ్చు లాభము ఈ విధముగా ఒక్క ఫైలుక్రిందనే పోవును. ముగ్గుపెట్ట నేర్చిన చేతికి ఫైలు సిద్ధపఱచుట పెద్ద విద్య కాదని మా యభిప్రాయము.

లేజరు కిరణమును మొట్టమొదట 1960లో అమెరికాలో థియోడర్ మైమన్ వెలిగించెను. చెక్కను, అట్టను కోయు యంత్రములలో విశేషముగా వాడబడు బొగ్గుపులుసు వాయువు లేజరును 1964లో బెల్ ప్రయోగశాలలో కనుగొన్నవారు మహారాష్ట్రమందలి బారామతిలో జన్మించిన కుమార్ పటేల్ గారు. ఇది మనవారు ఎఱిగియుండవలసిన సంగతి గనుక చెప్పితిమి. ఇక పనిలోనికి వత్తము.

కంప్యూటరులో బొమ్మలు రెండు తెగలు. ఫోనుతో తీసిన ఛాయాచిత్రము వట్టి చుక్కల కూర్పు. అందు ఏ చుక్క నలుపో ఏది తెలుపో వ్రాసియుండునేగాని, చేయి ఏ చుక్కనుండి ఏ చుక్కకు సాగినదో వ్రాసియుండదు. రెండవ తెగ గీతల ఫైలు. చుక్కలు పెట్టి, ఇక్కడనుండి ఇట్లు త్రిప్పి అక్కడ కలుపుమని పిల్లకు చెప్పినట్లు, ఆ ఫైలు యంత్రమునకు దారి చెప్పును. చెక్కుటకు చుక్కల ఫైలు చాలును. కోయుటకు మాత్రము గీతల ఫైలే కావలెను. దుకాణదారుడు త్రిప్పి పంపుటకు కారణము సాధారణముగా ఇదియే.

ముగ్గును తెల్లకాగితముపై నల్లసిరాతో దళసరిగా గీసి, నీడ పడకుండ ఫొటో తీసి, ఇంక్‌స్కేప్ అను ప్రోగ్రాములో తెఱవవలెను. అది ఉచితముగా దొరకును. అందలి "ట్రేస్ బిట్‌మ్యాప్" అను పని నల్లని భాగముల యంచులను గీతలుగా మార్చును. మనకు ఒకటిగా కనబడు సిరాగీతకు అంచులు రెండు గనుక రెండు గీతలు వచ్చును. ముగ్గు అచ్చునకు ఇదియే కావలసినది. ఆ రెండింటి నడుమనున్న చెక్క రాలి, ఆ సందున పిండి జాఱును. పిమ్మట "అవుట్‌లైన్" చూపులోనికి మార్చి బొమ్మను చూడుడు. రంగులన్నియు పోయి సన్నని గీతలు మాత్రము మిగులును. యంత్రము చూచునది దీనినే. గీతమీద గీత పడియున్న యెడల అచ్చోట రెండు మాఱులు కోసి అంచు మాడ్చును. గీత చివరలు కలియకున్న యెడల ముక్క ఊడిరాదు.

మెలికల ముగ్గులయందు మఱియొక చిక్కు కలదు. మెలిక చుక్కను చుట్టి వచ్చి తన్ను తాను కలియును గదా! మెలిక తెగినతోడనే దాని నడిమి చెక్క దేనినీ అంటక క్రింద పడును. అచ్చుకు బదులు పెద్ద కన్నము మిగులును. కాబట్టి ప్రతి మెలికకును రెండు మూడుచోట్ల గీతను త్రెంచి, నడిమి ముక్కను చుట్టునున్న చెక్కతో కలుపు సన్నని వంతెనలు విడువవలెను. వంతెన వెడల్పు చెక్క మందమునకు తగ్గరాదు. మూడు మిల్లీమీటర్ల చెక్కకు మూడు మిల్లీమీటర్లు. ముగ్గు అందము చెడునని జంకవలదు. ఆ సందును వ్రేళ్లతో పిండి వేసి కలుపుకొనుట మనకు కొత్త గాదు.

తెలుగు అక్షరములకును ఇదే వరస. పేరును అచ్చుగా కోయించినపుడు సున్న నడుమ, "ఠ" నడుమ, "ర" నడుమ ముక్కలు రాలును. అదిగాక, అక్షరములను అక్షరములుగా పంపరాదు; మన యక్షరముల అచ్చు వారి కంప్యూటరులో లేనిచో రూపమే మాఱిపోవును. పాత "అను" అచ్చులతో కూర్చినది వేఱొకచోట తెఱచిన ఇంగ్లీషు అక్షరముల కలగాపులగమై కనబడుటయు కలదు. ముందుగా "ఆబ్జెక్ట్ టు పాత్" చేసి అక్షరములను గీతలుగా మార్చవలెను. వత్తులును గుణింతపు గుర్తులును అక్షరముపై ఎక్కియున్నచో "యూనియన్" అనుదానితో ఏకము చేయవలెను. లేనిచో యంత్రము వత్తు అంచును వెంబడించి అక్షరము నడుమనుండి కోసికొనిపోవును.

కొలతలు మిల్లీమీటర్లలో ఉంచుడు. ఒక ప్రోగ్రామునుండి మఱియొకదానికి పోవునపుడు నూఱు మిల్లీమీటర్ల బొమ్మ నూట ముప్పదిమూడుగా తెఱచుకొనుట కలదు. కావున వెడల్పెంతయో వేఱుగా వ్రాసి పంపవలెను. ఏ రంగు గీతను కోయుదురో, దేనిని చెక్కుదురో దుకాణమువారినే అడుగవలెను. లోపలి కన్నములను మొదట, వెలుపలి అంచును కడపట కోయుమనవలెను. అంచు ముందు తెగినచో ముక్క కదలి లోపలి పని వంకరపోవును.

పి.వి.సి. చేరిన షీట్లను, రెక్సినులో అట్టి రకములను లేజరుతో కోయింపరాదు. వానినుండి లేచు ఆమ్లపు పొగ ఊపిరితిత్తులకు హాని. యంత్రమును తుప్పు పట్టించును. చవుకగా వచ్చునని ఎవరు చెప్పినను ఒప్పుకొనవలదు.

ఇక గతించిన తల్లిదండ్రుల ఫొటోను చెక్కింపగోరువారు కలరు. ఇది చుక్కల ఫైలు పని. మిల్లీమీటరుకు పది చుక్కల లెక్కను, నూఱు మిల్లీమీటర్ల వెడల్పునకు ఫొటోలో అడ్డముగా వేయి చుక్కలైన నుండవలెను. వాట్సాపులో మామూలుగా పంపినచో అవి తగ్గిపోవును, డాక్యుమెంటుగా పంపుడు. వెనుకనున్న గోడను, తెరలను తుడిచివేసి, నలుపు తెలుపులుగా మార్చి, ముఖమున వెలుగునీడల తేడా కొంచెము హెచ్చింపుడు. చెక్కమీద కిరణము తగిలినచోట నల్లబడును, నల్లరాతిమీద తెల్లబడును. కాబట్టి రాతికి పంపునపుడు నలుపును తెలుపుగా, తెలుపును నలుపుగా తాఱుమాఱు చేయవలెను. ఇది మఱచినచో అమ్మ జుట్టు తెల్లగను మొగము నల్లగను వచ్చును. రాతిమీద పడినదానిని చెఱుపుట సులభము కాదు. ముందుగా కన్నులున్న భాగమును మాత్రము అదే రాతి తునకమీద చెక్కించి చూచుకొని, పిమ్మట పెద్ద రాయి ఇయ్యవలెను.