గుమ్మం ముందరి రాతి సింహాలు
బీజింగ్ పాత సందుల్లో, నాలుగు వైపులా గదులున్న మండువా లోగిళ్ల ముఖద్వారం దగ్గర ఒక జత రాళ్లుంటాయి. వాటిని మెన్‌దున్ అంటారు. గడపకు లోపలుండే సగం తలుపు ఇరుసును మోస్తుంది. వీధివైపు సగాన్ని డోలులాగానో పెట్టెలాగానో చెక్కి, చాలాచోట్ల పైన చిన్న సింహాన్ని కూర్చోబెట్టారు. ఇంట్లోకి చెడు రాకుండా కాపలా కాయడం దాని పని. పిల్లలకు మాత్రం అది ఎక్కి స్వారీ చేసే గుర్రం. తరతరాలుగా ఎక్కి దిగిన రాపిడికి దాని వీపు నున్నబడి మెరుస్తుంది, జూలు ఉంగరాలు అరిగిపోయి వేలికి కూడా అందవు. శిల్పి ఉలి ఎంత గొప్పదైనా, ఆ నునుపు తెచ్చింది పిల్లలే. ఉత్తర చైనాలో తల్లులు పాడే ప్రసిద్ధమైన పాట ఒకటి మెన్‌దున్ మీద కూర్చున్న బుడతడి గురించే. 1966లో మొదలైన సాంస్కృతిక విప్లవం ఎన్నో సింహాల తలలు పగలగొట్టింది. 1990ల నుంచి ఆ సందులే పెద్ద ఎత్తున కూలాయి. ఇళ్లతోపాటు చాలా రాళ్లు చెదిరిపోయాయి, కొన్ని పాత వస్తువుల అంగళ్లకు చేరాయి. బీజింగ్ రాతి శిల్పకళా మ్యూజియం కొన్నింటిని భద్రపరిచింది. అది మెచ్చుకోవలసిన పనే. అయినా గుమ్మం నుంచి విడదీసిన మెన్‌దున్‌కు మోయడానికి తలుపు లేదు, ఎక్కడానికి పిల్లలు లేరు. నిలిచి ఉన్న ఇళ్లలోని రాళ్లను అక్కడే ఉంచాలి, పిల్లల్ని వాటి మీద ఆడనివ్వాలి.