కూల్చే ముందు కొలవాలి

పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికా పల్లె రోడ్ల మీద, వాగు వాగుకీ ఇనుప ట్రస్ వంతెనలు, అంటే కడ్డీలను త్రికోణాలుగా బిగించి కట్టినవి, లేచాయి. కౌంటీ పెద్దలు క్యాటలాగు చూసి ఆర్డరిచ్చేవారు. క్లీవ్‌లాండ్‌లోని కింగ్, కాంటన్‌లోని రాట్ ఐరన్ బ్రిడ్జ్ వంటి కంపెనీలు విడిభాగాలు చేసి రైల్లో పంపేవి. గుర్రపు బళ్ల కోసం కట్టిన ఆ వంతెనలకు లారీల బరువు మోసే శక్తి లేదు. 1967 డిసెంబరులో ఒహాయో నది మీది సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది చనిపోయాక దేశమంతటా వంతెనల తనిఖీకి ప్రమాణాలు వచ్చాయి. పాతవాటిని తీసేయక తప్పని చోట్లు చాలానే ఉన్నాయి.

అమెరికన్లు చేసిన మంచి పని ఏమిటంటే, వంతెన పోయినా దాని వివరాలు పోకుండా చూసుకోవడం. 1969లో నేషనల్ పార్క్ సర్వీస్, అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘం, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కలిసి ‘హిస్టారిక్ అమెరికన్ ఇంజనీరింగ్ రికార్డ్’ మొదలుపెట్టాయి. కొలిచి గీసిన నక్షాలు, పెద్ద నెగటివ్‌ల మీద తీసిన ఫొటోలు, రాతపూర్వక చరిత్ర: ఈ మూడూ ఆ లైబ్రరీకి చేరతాయి. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, వాడుకోవచ్చు. కేంద్ర నిధులతో చారిత్రక వంతెనను తీసేయాల్సి వస్తే, ముందు దాన్ని ఇలా నమోదు చేయాలనే షరతు తరచూ పడుతుంది.

నమోదు అంటే నాలుగు ఫొటోలు తీయడం కాదు, వంతెన బరువును ఎలా మోస్తోందో చదవడం. 1844లో పేటెంటు పొందిన ప్రాట్ ట్రస్‌లో నిలువు కడ్డీలు నొక్కుడును, ఏటవాలు కడ్డీలు లాగుడును భరిస్తాయి. అందుకే నిలువువి బలంగా, ఏటవాలువి సన్నగా ఉంటాయి. కీళ్ల దగ్గర పిన్నులున్నాయా, రివెట్లున్నాయా అన్నది వంతెన వయసు గురించి చెబుతుంది. దూలం మీద పోతపోసినట్టు కనిపించే ‘కార్నెగీ’ అన్న అక్షరాలు ఉక్కు ఏ మిల్లుదో చెబుతాయి. ప్రవేశంలో పైన బిగించిన కంపెనీ పలకను మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. ఈ వంతెనలను విప్పి మరో వాగు మీదికి మార్చడం మామూలే కనుక, పలక మీది ఏడాదిని కౌంటీ రికార్డులతో సరిచూడాలి.

ఇక మన దగ్గరికి వస్తే, రాజమండ్రి దగ్గర గోదావరి మీది హేవలాక్ వంతెన 1900 నుంచి 1997 దాకా రైళ్లను మోసింది. అంత పేరున్న కట్టడం గురించి మాట్లాడేవాళ్లు ఉంటారు. ఊరి వాగు మీది చిన్న ఇనుప వంతెనకు ఎవరూ ఉండరు. పాత ఇనుము తూకానికి పోయిన రోజుతో దాన్ని చేసిన చేతుల తెలివి కూడా పోతుంది.

ఇలాంటి వంతెనలను నమోదు చేయడం ఖర్చుతో కూడిన పనేమీ కాదు. కూల్చివేత టెండరులోనే నమోదును ఒక పనిగా చేర్చాలి. దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులకు టేపు, కెమెరా ఇచ్చి, గురువు పర్యవేక్షణలో ప్రతి కడ్డీనీ, ప్రతి కీలునూ కొలిపించాలి. ఊరి పెద్దల జ్ఞాపకాలు రాయించాలి. అదంతా జిల్లా గ్రంథాలయంలో అందరికీ అందుబాటులో పెట్టాలి. కొత్త వంతెన కావలసిందే. పాతదాని లెక్క అప్పజెప్పాకే క్రేను రావాలి.