ఏ లంకకండీ ప్రయాణం?

తాడేపల్లిగూడెం నుంచి నలుగురు కుర్రాళ్ళు కలిసి ఒకే ఉత్తరం రాసేరు. కింద నాలుగు సంతకాలు. ఒకటి అచ్చు హీరోగారి ఆటోగ్రాఫులా ఉంది!

"సార్! పరీక్షలైపోయాయి. శ్రీలంక వెడదామనుకుంటున్నాం. మీరు వెళ్ళొచ్చారని విన్నాం. ఏ హోటల్లో దిగితే బాగుంటుంది? మోసపోకుండా ఎలా? అక్కడ సినిమా వాళ్ళకి సంబంధించిన విశేషాలేమైనా ఉన్నాయా?"

వెళ్ళొచ్చిన మాట నిజమే. మోసపోయిన మాట కూడా నిజమే. అందుకని సలహా చెప్పే అర్హత నాకు పూర్తిగా ఉంది.

ముందు ఒక చిన్న పేచీ. మా ఏలూరులో 'లంకకి వెడుతున్నా' అంటే కొలంబో అని ఎవరూ అనుకోరు. 'ఏ లంకకండీ?' అంటారు. గుడివాకలంక, ప్రత్తికోళ్ళలంక, కోమటిలంక... కొల్లేట్లో నీళ్ళ మధ్య తేలిన ప్రతి దిబ్బా ఒక లంకే. మా పెదనాన్నది అలాంటి లంకే. ఆయన పెళ్ళినాటికి ఊరికి రోడ్డు లేదు. పెళ్ళికూతురు తాటిదోనెలో కాపరానికి వచ్చింది. 2006లో కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు ఆయన చెరువు కూడా పోయింది. అప్పట్నించీ ఏలూరులో మా దగ్గరే ఉంటున్నాడు.

కిందటేడు పెద్దమ్మ పోయింది. ఆర్నెల్లపాటు ఆయన వీధి అరుగు దిగలేదు. ఓ రోజు కాఫీ ఇస్తూ, "పెదనాన్నా, లంకకి వెడదాం వస్తావా?" అన్నాను.

"ఊళ్ళో ఎవరున్నార్రా ఇప్పుడు?" అన్నాడు.

"ఆ లంక కాదు, సిలోను."

ఆయన గ్లాసు కింద పెట్టేసి, "రేడియో సిలోనా?" అన్నాడు. ఆ కళ్ళలో వెలుగు చూసేక ఇంక ఆలోచించలేదు. పాస్‌పోర్టుకి పెట్టించేను.

సరే, హోటలు సంగతి. ఫోనులో ఫొటోలు చూసేను. నీలం సముద్రం, తెల్లటి పరుపు, పరుపు మీద తువ్వాలుతో చేసిన హంస. 'సముద్రానికి ఎదురుగా' అని రాసుంది. నాలుగు రాత్రులకీ ఒకేసారి డబ్బు కట్టేశాను. ఏలూరులో రైలెక్కి మద్రాసు (చెన్నై అనడం నాకింకా అలవాటు కాలేదు), అక్కణ్ణించి విమానం. గాల్లో ఉన్నది గంటన్నర కూడా లేదు. మా ఊరి నుంచి బస్సులో భీమవరం వెళ్ళడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది.

అర్ధరాత్రి దిగేం. కొలంబో విమానాశ్రయం కొలంబోలో లేదు! ముప్ఫై కిలోమీటర్ల అవతల కటునాయకలో ఉంది. టాక్సీ పట్టుకుని చేరేసరికి రెండు దాటింది. గది కిటికీ తీస్తే ఎదురుగా గోడ. 'సముద్రం ఏదండీ?' అంటే, గుమాస్తా మేడ మీదికి తీసికెళ్ళి, నీళ్ళ ట్యాంకు పక్కన నిలబెట్టి, 'అదిగో' అని చూపించేడు. రెండు భవనాల సందులోంచి ఒక గీత! వేణ్ణీళ్ళు లేవు. ఏసీకి వేరే డబ్బు. తువ్వాలు హంస మాత్రం ఉంది. ట్రైలరు చూసి సినిమాకి వెళితే ట్రైలర్లో వేసిన సీనులే సినిమాలో లేనట్టు!

పెదనాన్న ఏమీ అనలేదు. మంచం మీద దోమతెర లేదని కండువా మొహాన కప్పుకుని పడుకున్నాడు. నాకు మాత్రం తెల్లార్లూ నిద్ర పట్టలేదు. డెబ్భై అయిదేళ్ళ మనిషిని ఇంటి నుంచి కదిలించుకొచ్చి ఇదా నేను చూపించేది అని.

కాబట్టి గూడెం కుర్రాళ్ళూ! ఎంత తళతళలాడే ఫొటో చూసినా ముందు ఒక్క రాత్రికే గది తీసుకోండి. నచ్చితే పొడిగించండి. హోటలువాళ్ళు పెట్టిన ఫొటోలు కాదు, దిగి వెళ్ళిన వాళ్ళు ఈమధ్య పెట్టిన ఫొటోలు చూడండి. వేణ్ణీళ్ళు, ఏసీ, దోమతెర, పొద్దుటి ఫలహారం... వీటిలో ఏది అద్దెలో కలిసిందో, ఏది కలవలేదో ముందే రాసి అడిగి, జవాబు దాచుకోండి. చెప్పిన ధర మీద సర్వీసు చార్జీ అని నూటికి పది, ఆపైన పన్నులు వేసే చోట్లు చాలా ఉన్నాయి. 'అన్నీ కలిపి ఎంత?' అన్న ప్రశ్న సిగ్గుపడకుండా అడగాలి. మన రూపాయికి అక్కడి రూపాయలు మూడు పైచిలుకు వస్తాయి గనక మొదటిరోజు జమీందార్లలా ఉంటుంది. బిల్లు చూసేక జమీ పోయినట్టుంటుంది.

రాత్రి విమానానికి దిగేవాళ్ళు కొలంబో దాకా పోనక్కర్లేదు. విమానాశ్రయానికి పది కిలోమీటర్లలో నీగొంబో ఉంది. మర్నాడు మేం చేసిన పని అదే. కట్టిన డబ్బు వదులుకుని పెట్టె సర్దేం.

నీగొంబో చూసి పెదనాన్న మొహం విప్పారింది. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఉప్పునీటి మడుగు, మధ్యలో కాలవలు, వాటినిండా పడవలు. ఒడ్డున ఇసకలో పట్టాలు పరిచి చేపలు ఎండబెడుతున్నారు. మీలో ముక్కు మూసుకునేవాళ్ళుంటే ఆ వీధికి వెళ్ళకండి. పెదనాన్న మాత్రం గుండెలనిండా ఊపిరి పీల్చుకుని, "ఇప్పుడు తెలిసిందిరా లంకకి వచ్చేమని" అన్నాడు.

అక్కడ ఒక ఇంట్లో గది దొరికింది. కిందంతా ఇంటివాళ్ళుంటారు, మేడ మీద మూడు గదులు అద్దెకిస్తారు. ఇలాంటి ఇళ్ళు ఆ దేశంలో ఊరూరా ఉన్నాయి. చిన్న వయసు వాళ్ళకీ, పెద్దవాళ్ళని తీసికెళ్ళే వాళ్ళకీ నా ఓటు వీటికే. ఈతకొలను ఉండదు. కానీ ఎవరికైనా వంట్లో బాగోకపోతే తలుపు కొట్టడానికి ఒక మనిషి ఉంటుంది. మాకు రెండోరోజు రాత్రే ఆ అవసరం వచ్చింది. పెదనాన్నకి షుగరు. తిండి సయించక మాత్రలు మాత్రం వేసుకున్నాడు. పదింటికి చెమటలు, వణుకు! ఇంటావిడ పరుగున పంచదార నీళ్ళు తెచ్చి పట్టించి, ఆయన లేచి కూర్చున్నాక, వేడన్నం, చేపల పులుసు పెట్టింది. ఆ పులుసులో చింతపండు వెయ్యరు. గోరక అని ఎండబెట్టిన పుల్లటి కాయ వేస్తారు. పెదనాన్న రెండు ముద్దలు తిని, "పులుపు మనది కాదు గానీ చెయ్యి మన వాళ్ళదే" అన్నాడు. ఆవిడకి తెలుగు రాదు. అయినా అర్థమైనట్టు నవ్వింది.

శాకాహారులకొక హెచ్చరిక. కొబ్బరి పచ్చడి కనిపించగానే కలుపుకోకండి. దాన్లో 'మాల్దీవు చేప' అని ఎండుచేప పొడి తరచు వేస్తారు. అడిగి తినండి. పప్పు, అప్పం, ఇడియాప్పం హాయిగా దొరుకుతాయి. అన్నట్టు, అక్కడ కూడా బోర్డు మీద 'హోటల్' అని ఉంటే చాలాచోట్ల భోజనం హోటలే. మంచం అడిగితే నవ్వుతారు. ఈ విషయంలో వాళ్ళూ మా ఏలూరు వాళ్ళూ ఒకటే!

ఎప్పుడు వెళ్ళాలి? సంక్రాంతి సెలవులైతే కొలంబో, గాలే వైపు దక్షిణ, పడమటి తీరాలు. మే నుంచి సెప్టెంబరు దాకా అటు నైరుతి వానలు, అప్పుడు ట్రింకోమలీ వైపు తూర్పు తీరం బాగుంటుంది. ఒకే దేశానికి రెండు వానాకాలాలన్నమాట. కాండీ నుంచి కొండల మీదికి వెళ్ళే రైలు చూడదగ్గదే గానీ, వానలకి కొండచరియలు విరిగి లైను ఆగుతూంటుంది. నడుస్తోందో లేదో కనుక్కున్నాకే ఆ ఊళ్ళో గది తీసుకోండి. ప్రతి పున్నమీ 'పోయా' సెలవు. ఆ రోజు మందు దుకాణాలు మూత. నలుగురిలో ఎవరికి ఈ వార్త బాధాకరమో నాకు తెలీదు! బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ దిగడం అక్కడ పెద్ద తప్పు. సరదాకి కూడా చెయ్యొద్దు. సిగిరియా లాంటి చోట్ల విదేశీయుల టిక్కెట్టు గుండె గుభేలుమనిపిస్తుంది. సార్క్ దేశాల వాళ్ళకి తగ్గింపు ఉంది. పాస్‌పోర్టు జేబులో ఉంచుకుని అడగండి.

ఇక సినిమా సంగతులు. లంక అంటే మనకి తెరమీద లంకే కదా! నూజివీడులో పుట్టిన ఎస్.వి. రంగారావుగారు 1972లో 'సంపూర్ణ రామాయణం'లో రావణుడైతే, ఎన్.టి.ఆర్. 'భూకైలాస్' (1958), 'సీతారామ కళ్యాణం' (1961) రెంటిలోనూ రావణుడే. ఆ లంకలన్నీ మద్రాసు సెట్టింగులే. అసలు లంకలో తీసిన సినిమా చూడాలంటే కితుల్‌గల వెళ్ళాలి. 1957లో వచ్చి ఏడు ఆస్కార్లు కొట్టిన 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వై' వంతెన కట్టింది అక్కడే, కెలని నది మీద. కథ థాయిలాండులో, షూటింగు సిలోనులో! వంతెనని సినిమాలోనే పేల్చేశారు గనక ఇప్పుడు పునాదుల దిమ్మలే మిగిలేయి.

ఆ షూటింగుని స్కూలు విహారయాత్రకొచ్చిన ఒక బట్టికలోవా కుర్రాడు నోరు తెరుచుకుని చూసేడు. దర్శకుడు డేవిడ్ లీన్ 'వాన!' అని కేకేస్తే వాన కురిసిందట. సినిమాల్లోకి వెళ్ళాలన్న కోరిక అప్పుడే పుట్టిందని ఆయనే చాలాసార్లు చెప్పుకున్నాడు. ఆయనే బాలు మహేంద్ర. 1980లో వచ్చిన 'శంకరాభరణం' కెమెరా పనితనం ఆయనదే. మన గోదావరిని అంత అందంగా చూసిన కన్ను కెలని నది ఒడ్డున తెరుచుకుందన్నమాట!

తెలుగు విశేషం ఇంకోటి. కాండీని చివర ఏలింది నాయక్కర్ రాజులు, మధుర నాయకుల బంధువర్గం, మూలాలు తెలుగువి. ఆఖరి రాజు శ్రీవిక్రమ రాజసింహని 1815లో ఇంగ్లీషువాళ్ళు దించేసి వెల్లూరు కోటలో పెట్టేరు. అక్కడే 1832లో పోయాడు. రాజుల మాట అటుంచి, అనురాధపురం వైపు కుదగమ లాంటి ఊళ్ళలో అహికుంటకులని పాములాడించే వాళ్ళున్నారు. వాళ్ళింటి భాష తెలుగు! పిల్లలు సింహళంలోకి మళ్ళిపోతున్నారు గానీ పెద్దవాళ్ళ నోట ఇంకా ఉంది.

చివరిరోజు కొలంబో వెళ్ళేం. బేరా సరస్సు దగ్గర పెదనాన్న ఠక్కున ఆగిపోయాడు. "ఒరే, మన గూడబాతులు!" నిజమే, కైకలూరు దగ్గర ఆటపాకలో చెట్లనిండా గూళ్ళు కట్టే పక్షులే. ఇక్కడ బస్సుల హారన్ల మధ్య దర్జాగా కూర్చున్నాయి. "ఇక్కడ వీటికెవరూ గొడవ చెయ్యరా?" అని అడిగేడు. చాలాసేపు చూశాడు.

అక్కణ్ణించి స్వాతంత్ర్య చౌకు. రేడియో సిలోన్ ఉన్న భవనం అదే. 1972 నుంచి పేరు శ్రీలంక బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ అయినా, మనవాళ్ళకి ఎప్పటికీ రేడియో సిలోనే. 1952లో బినాకా గీత్‌మాలా మొదలైంది దాన్లోనే. మన తెలుగు పాటలు కూడా వేసేవారు, కోరినవాళ్ళ పేర్లు చదివి మరీ.

గేటు ఎదురుగా చెట్టు కింద నిలబడి, పెదనాన్న అప్పుడు చెప్పేడు, ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి. 1974లో పెళ్ళయింది. కట్నంగా ట్రాన్సిస్టరు ఇచ్చేరు. దోనెలో గెడకి తగిలించుకుని ఇద్దరూ పాటలు వినేవారు. మరుసటేడు పెద్దమ్మకి తెలీకుండా ఓ కార్డు రాసి పడేసేడు, ఆవిడ పేరూ తన పేరూ చదివి ఫలానా పాట వెయ్యమని. రోజూ విన్నారు. రాలేదు. మర్చిపోయాడు. ఓ రోజు వల తీసుకుని ఇంటికొచ్చేసరికి ఆవిడ గట్టున నిలబడి ఉంది. 'మన పేర్లు చదివేరు!' అంది.

"నేను వినలేదురా. దానికేమో కార్డు సంగతి ముందే తెలుసు. రాసేటప్పుడు చూసిందిట. నేను దిగులుపడుతున్నానని అలా అందో, నిజంగా చదివేరో... నలభై ఏళ్ళు అడిగేను. నవ్వేది."

నేను గేటు దగ్గరికి వెళ్ళి వచ్చీరాని తమిళంలో కాపలా అతన్ని కదిపేను. మంచివాడు. లోపలికెళ్ళాలంటే ముందుగా అనుమతి రాయించుకోవాలన్నాడు, ఎవరికి రాయాలో కూడా చెప్పేడు. వెనక్కొచ్చి, "పెదనాన్నా, రాసిద్దాం. పాత రిజిస్టర్లేమైనా ఉంటే అడుగుదాం" అన్నాను.

ఆయన భవనం వంక చూస్తూ, "వద్దులే" అన్నాడు. "లేదంటారేమో."

కాసేపాగి, "ఆ నీగొంబోవిడ ఇవాళ కూడా పులుసు పెడుతుందేమో కనుక్కో" అన్నాడు.

గూడెం కుర్రాళ్ళూ! ఆ ఇంటి పేరు ఇక్కడ అచ్చు వెయ్యను. ఉన్నవే మూడు గదులు, మీరంతా వెళ్ళి పడితే ఆవిడ బెంబేలెత్తిపోతుంది. చిరునామా రాసి, స్టాంపంటించిన కవరొకటి పంపండి. వీసా నిబంధనలు మారుతూంటాయి గనక టిక్కెట్లు కొనేముందు ప్రభుత్వ వెబ్‌సైటులో చూసుకోవడం మర్చిపోకండి.