పుస్తకం ఫ్రెంచి, నోటి ఫ్రెంచి

మన గోదావరి చివర ఉన్న యానాంను 1954 వరకు ఫ్రెంచోళ్ళు ఏలారు. వాళ్ళ భాష బట్టీ పడితే మాట్లాడటం రాదని నా అభిప్రాయం. 'నాకు తెలియదు' అనేదాన్ని 'జ న సే పా' అని రాస్తారు. నోటితో గబగబా 'షే పా' అంటారు. ఊరు మారితే మాటా మారుద్ది. పారిస్‌లో తొంభైని 'నాలుగు ఇరవైలు పది' అంటారు (లెక్కల పీరియడ్ లాగా!). బెల్జియంలో దానికి ఒకటే మాట, 'నొనాంత్'. శని ఆదివారాలను ఫ్రాన్సోళ్ళు ఇంగ్లీషులో 'వీకెండ్' అనేస్తారు. కెనడాలోని క్యుబెక్ వాళ్ళేమో ఫ్రెంచిలోనే 'వారం చివర' అంటారు. ఎవరిది తప్పు? నేర్చుకునేవాళ్ళు అన్నీ వినాలి, విన్నది వెంటనే పైకి అనాలి. మన దగ్గర కోయ యాసతో తెలుగు మాట్లాడితే నవ్వుతారు. నవ్వితే నోరు మూతపడుద్ది. వార్డెన్ మేడంగారూ, రాత్రి స్టడీలో ఒక అరగంట మమ్మల్ని మాట్లాడుకోనివ్వండి.