యముడు ఎవరికి భయం?

తాగి బండి నడిపేవాడికి ప్రాణభయం చూపిస్తేనే దారికొస్తాడని మనవాళ్ల గట్టి నమ్మకం. అందుకే అవగాహన బోర్డంటే నుజ్జయిన బైకు, నెత్తుటి మరక, పుర్రె. కూడలిలో గద పట్టుకుని యముడి వేషం. బోర్డు పని చేయకపోతే ఇంకాస్త నెత్తురు పూస్తారు. ఈ నమ్మకమే తప్పంటాను.

ముందు యముడి సంగతి. తెలుగువాడికి యముడంటే కైకాల సత్యనారాయణ. ‘యమగోల’ (1977), ‘యముడికి మొగుడు’ (1988), ‘యమలీల’ (1994): మూడింట్లోనూ ఆయనే యముడు, మూడింట్లోనూ నవ్వులపాలే. ఆయన్ని బురిడీ కొట్టించడం ఎలాగో సినిమా ఇన్నేళ్లుగా నేర్పిస్తుంటే, కుర్రాళ్లు ఆ వేషం పక్కన సెల్ఫీ దిగి పోవడంలో వింతేముంది?

నిజంగా భయపెట్టినా ఫలితం అంతే. పళ్ల శుభ్రత గురించి 1953లో మనస్తత్వవేత్తలు జానిస్, ఫెష్‌బాక్ చేసిన ప్రయోగంలో అందరికన్నా ఎక్కువ భయపెట్టినవాళ్లే అందరికన్నా తక్కువ మారారు. ఆపద పెద్దదిగా కనిపించి, తప్పించుకునే దారి కనిపించకపోతే మనిషి ఆ భయాన్నే మనసులోంచి తోసేస్తాడని 1992లో పరిశోధకురాలు కిమ్ విట్టీ వివరించింది. వరంగల్ కొత్తవాడలో దావత్ ముగించుకుని లేచినవాడు అనుకునేదీ అదే: ‘ఇల్లు ఇక్కడ్నే, రెండు గల్లీలు దాటితే అయిపాయె, ఏమైతది?’ వాడికి అప్పుడు చావు గుర్తు రాదు. బండి ఇక్కడ వదిలేస్తే పొద్దున పనికెట్లా, ఈ వేళప్పుడు ఆటో దొరుకుతుందా అన్నదే వాడి బాధ. దానికి పుర్రె దగ్గర జవాబు లేదు.

తిట్టినా అంతే. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. రోడ్డు మీద పడి బస్సు కిందికెళ్లిన బైకును నడిపినవాడు తాగి ఉన్నాడని తేలింది. ఆ వెంటనే హైదరాబాద్ పోలీసు కమిషనర్ సజ్జనార్ తాగి నడిపేవాళ్లను ఉగ్రవాదులన్నారు. ఆ కోపం న్యాయమే. అయితే ఆ మాట విన్న తాగుబోతు ‘అది నేను కాదులే’ అని హాయిగా తాళం తిప్పుతాడు.

ఇక బోర్డు రూపం. కొత్తవాడ జంపఖానాలు నేసే వాడ. వరంగల్ దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రెండు మూడు రంగులు, నిక్కచ్చిగా నాలుగు గీతలు, గది అవతలి నుంచి చూసినా డిజైను తెలిసిపోతుంది. అలాంటి వాడలో కట్టే ఫ్లెక్సీ మీద నాయకుల ఫొటోలు, అధికారుల ఫొటోలు, కింద ప్రాసతో ఆరు లైన్ల నీతి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 11 మీటర్లు దాటేస్తుంది. ఆరు లైన్లు చదవాలంటే దిగి నిలబడాలి. పైగా తాగినవాళ్లు తిరిగేది రాత్రి, ఫ్లెక్సీకి దీపం ఉండదు.

ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 1989 నుంచి వేసిన కటువైన ప్రకటనలు ఫలించలేదా అని అడుగుతారు. ఫలించాయి, వాటి వెంట రోడ్ల మీద శ్వాస పరీక్షలు జోరుగా సాగాయి గనక. రాజస్థాన్‌లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం పోలీసులతో కలిసి చేసిన ప్రయోగం ఇంకా స్పష్టం. తనిఖీ చోటు మారుస్తూ పోయినప్పుడు రాత్రి ప్రమాదాల్లో మరణాలు 25 శాతం తగ్గాయి. ఒకేచోట పాతుకున్న తనిఖీతో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. గల్లీలు తెలిసినవాడికి దానికి కారణం చెప్పనక్కర్లేదు, పక్క సందులోంచి పోతాడు.

కాబట్టి బోర్డును కూడలి నుంచి పీకి మద్యం దుకాణం పక్కనుండే పర్మిట్ రూం గోడకు కొట్టండి, మొదటి పెగ్గుకు ముందే కనబడేలా. చూడాల్సింది తాగేవాడికన్నా పక్కన కూర్చున్న దోస్తు. ‘తాళం ఇటియ్యి. బండి పొద్దున ఇక్కడ్నే ఉంటది.’ కింద ఆటో నంబరు, అంతే. బండికి రాత్రి కాపలా దుకాణందారుడి బాధ్యత. ఖర్చంటారా, 2025లో తెలంగాణలోని 2,620 మద్యం దుకాణాల కోసం వచ్చిన ఒక్కో దరఖాస్తుకు సర్కారు తిరిగివ్వని 3 లక్షలు పుచ్చుకుంది. అందులోంచి తీయండి. డిజైను గీసే పని కొత్తవాడ నేతగాడికే ఇవ్వండి, కూలి మాత్రం ముందే చేతిలో పెట్టండి.