తాడు పట్టేది చెయ్యి, తాయెత్తు కాదు

నాలుగేళ్ల క్రితం ఓ ఇండోర్ క్లైంబింగ్ గోడ దగ్గర నా స్నేహితుణ్ణి పైనుంచి కిందికి దించుతున్నాను. నా నడుముకు బిగించిన పరికరం లీవరును ఎడమచేత్తో లాగితే తాడు మెల్లగా జారుతుంది, అతను దిగుతాడు. ఉన్నట్టుండి వేగం పెరిగింది. భయమేసింది. భయపడ్డ చెయ్యి పట్టుకున్నదాన్ని ఇంకా గట్టిగా బిగిస్తుంది. నా ఎడమచేతిలో ఉన్నది లీవరు. కుడిచేతిలోని తాడు సంగతే మరిచిపోయాను. నేను బిగించేకొద్దీ తాడు ఇంకా వేగంగా జారింది. పక్కనున్న శిక్షకుడు కింది తాడును అందుకుని లాగిపెట్టడంతో నా స్నేహితుడు నేలకు రెండు మీటర్ల ఎత్తులో ఆగాడు.

ఆ పరికరాన్ని నా చేతికిస్తూ అక్కడి సిబ్బంది చెప్పింది ఒక్క మాటే: "ఇది ఆటోమేటిక్. దానంతటదే ఆగుతుంది." ఆ మాట తప్పు. ఆ తప్పు ప్రాణాల మీదికి తెస్తుంది.

ఎక్కేవారు జారిపడితే తాడుతో ఆపే పనిని బిలే అంటారు, ఆ పని చేసేవారు బిలేయర్. ఎక్కేవారి హార్నెస్‌కు కట్టిన తాడు బిలేయర్ నడుము దగ్గరున్న పరికరంలోంచి బయటికి వస్తుంది. అలా బయటికొచ్చిన తాడును ఒక చెయ్యి ఎప్పుడూ పట్టుకునే ఉండాలి. దాన్ని బ్రేకు చెయ్యి అంటారు. బాదామి ఇసుకరాతి గోడలైనా, మాలావత్ పూర్ణ ఎవరెస్టుకు ముందు శిక్షణ పొందిన భువనగిరి బండ అయినా, నగరంలోని ఇండోర్ గోడ అయినా నియమం ఇదే.

ఈ నియమం ఎందుకో భౌతికశాస్త్రం చెబుతుంది. పశువును కట్టే గుంజను గుర్తు తెచ్చుకోండి. పలుపును గుంజకు రెండు చుట్లు తిప్పి కొస పట్టుకుంటే పిల్లవాడు కూడా ఎద్దును నిలబెట్టగలడు. తాడు చుట్టుకున్న కోణం పెరిగేకొద్దీ పట్టు కూడికలా కాదు, రెట్టింపుల మీద రెట్టింపులుగా పెరుగుతుంది. పాతకాలపు ట్యూబ్ పరికరం చేసేది ఇదే. ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, తాడు 180 డిగ్రీలు వంగితే మన చేతి బలం సుమారు 2.6 రెట్లు అవుతుంది. 360 డిగ్రీలు వంగితే 6.6 రెట్లు.

పడ్డ మనిషి వల్ల బిలేయర్ వైపు తాడులో 2000 న్యూటన్ల లాగుడు వచ్చిందనుకుందాం. బ్రేకు చేతిని కిందికి పెట్టి తాడును బాగా వంచితే చేతికి పడేది సుమారు 300 న్యూటన్లు, అంటే 30 కిలోల బరువును పట్టుకున్నట్టు. కష్టమే, కానీ సాధ్యం. చెయ్యి పైకెత్తి ఉంటే వంపు సగమై, 780 న్యూటన్లు పట్టాలి. జారే తాడును అంత బలంతో పిడికిట్లో ఆపడం అయ్యే పని కాదు. ఇక చెయ్యి వదిలేస్తే? సున్నాను ఎన్ని రెట్లు చేసినా సున్నాయే.

బ్రేకుకు సాయపడే పరికరాలు ఈ సున్నా సమస్యకే పుట్టాయి. ఫ్రాన్స్‌కు చెందిన పెట్జెల్ కంపెనీ 1991లో తెచ్చిన గ్రిగ్రీ వీటిలో అందరికీ తెలిసినది. లోపల తాడు ఒక క్యామ్ చుట్టూ తిరిగి వస్తుంది. హఠాత్తుగా లాగుడు వస్తే క్యామ్ తిరిగి తాడును నొక్కేస్తుంది. లాగుడు పెరిగితే నొక్కుడూ పెరుగుతుంది. కుదుపు రాగానే బిగుసుకునే కారు సీటు బెల్టు లాంటిదే. ఆపే బలంలో ఎక్కువ భాగం పడే మనిషి బరువు నుంచే వస్తుంది. అందుకే బిలేయర్ తలకు రాయి తగిలినా, అడుగు తడబడినా పైవారు బతికే అవకాశం ఎక్కువ.

అవకాశం ఎక్కువ అంటే హామీ అని కాదు. క్యామ్ తిరగడానికి కుదుపు కావాలి. తాడు మెల్లగా జారడం మొదలైతే, అది సన్నగా, కొత్తగా, నున్నగా ఉంటే, చేతి పట్టు లేనప్పుడు క్యామ్ పట్టకపోవచ్చు. పైవారికి తాడు త్వరగా అందించాలని క్యామ్‌ను వేలితో నొక్కి ఉంచిన క్షణంలో వారు పడితే, ఆపాల్సిన భాగాన్ని మనమే ఆపేసినట్టు. తాడును తిరగేసి ఎక్కిస్తే క్యామ్ అసలు పనే చేయదు. కొందరు దీన్ని ఒలింపిక్స్ స్పీడ్ క్లైంబింగ్‌లో గోడ పైన బిగించే ఆటో బిలే యంత్రంతో కలిపేస్తారు. అక్కడ కింద బిలేయరే ఉండరు. రెండూ ఒకటి కాదు. ఈ పరికరాలకు వర్తించే ఐరోపా ప్రమాణం ఈఎన్ 15151-1 కూడా వీటిని చేతి సాయంతో లాక్ అయ్యే పరికరాలనే అంటుంది.

మరి ఏది కొనాలి? ముందు మీ తాడు మందం చూడండి. 2019 నాటి గ్రిగ్రీ 8.5 నుంచి 11 మిల్లీమీటర్ల తాళ్లకు మాత్రమే. ప్రతి పరికరం మీదా దాని పరిమితి ముద్రించి ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవారికి లీవరును మరీ గట్టిగా లాగితే తాడును ఆపేసే రకం మేలు. 2017లో వచ్చిన గ్రిగ్రీ ప్లస్‌లో ఆ ఏర్పాటుంది. ఆ రోజు నా దగ్గర అదే ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ముందు ట్యూబ్‌తో నేర్పితేనే చేతికి క్రమశిక్షణ వస్తుందని కొందరు శిక్షకులు వాదిస్తారు. వారి ఆందోళన నాకు అర్థమవుతుంది. యంత్రం మీద నమ్మకం చేతిని బద్ధకస్తురాలిని చేస్తుంది. కానీ నేర్చుకునేవారి మొదటి తప్పులకు పైనున్న మనిషి మూల్యం చెల్లించకూడదు కదా. జర్మన్ ఆల్పైన్ క్లబ్ కూడా ఇండోర్ గోడల దగ్గర సాయపడే పరికరాలనే సిఫారసు చేస్తుంది. మన గోడలూ, శిక్షణ కేంద్రాలూ మొదటి రోజు నుంచి వీటినే ఇవ్వాలి. క్రమశిక్షణను మాత్రం ట్యూబ్ చేతికిచ్చినంత కఠినంగానే నేర్పాలి. తాడు కొస వదిలిన ప్రతిసారీ ఆపి సరిదిద్దాలి. ప్రతి ఎక్కుడుకు ముందు ఎక్కేవారి వైపు తాడును ఒక్కసారి గట్టిగా గుంజి, లాక్ అవుతోందో లేదో ఇద్దరూ చూడాలి. తాడు చివర ముడి వేయాలి. తాడు చాలకపోతే, దించేటప్పుడు దాని కొస పరికరంలోంచి జారిపోతుంది. అప్పుడు క్యామ్ నొక్కడానికి ఏమీ మిగలదు.

గ్రిగ్రీ అనే పేరుకు ఆఫ్రికాలో రక్ష కోసం కట్టుకునే తాయెత్తు అని అర్థం. పేరు ముచ్చటైనదే. కానీ తాయెత్తు కట్టుకున్నాక మనం చేయాల్సిందేమీ ఉండదు, తాడు పట్టుకున్నాక ఉంటుంది. నా స్నేహితుడు ఇప్పటికీ నాతోనే ఎక్కుతాడు. గోడ మీద చెయ్యి వేసే ముందు మాత్రం ప్రతిసారీ అడుగుతాడు: "చెయ్యి తాడు మీదే ఉందా?" నేను కుడిచెయ్యి ఎత్తకుండానే జవాబిస్తాను.