ఆంటోనిమ్ బట్టీ పడితే సరిపోదు, అర్థం పట్టుకోవాలె

వికారాబాద్, తాండూరు వైపు తండాల నుంచి కానిస్టేబుల్, ఎస్సెస్సీ పరీక్షలకు చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట.

ఇంగ్లిష్ అనగానే మనం చేసేదేంది? గైడ్ తీసి సినానిమ్స్, ఆంటోనిమ్స్ జతలు జతలుగా బట్టీ పడుతున్నాం. తాండూరు నుంచి వికారాబాద్ వచ్చే రైల్లో కూడా అదే పని. నాలుగు రోజులైతే సగం గుర్తుండవు. లోపం మన తెలివిలో లేదు. ఇంట్ల గోర్ బోలి, బడిల తెలుగు, పరీక్షల ఇంగ్లిష్. ఇంగ్లిష్ మాట పక్కన రాసుకున్న గ్రాంథిక తెలుగు మాటే మనకు సగం అర్థమైతే, అది మనసుల ఎట్ల నిలుస్తది?

'శాంక్షన్' అనే మాట చూడండి. లోన్ శాంక్షన్ అయిందంటే మంజూరైందని తండాల ముసలమ్మకు కూడా తెలుసు. మరి ఒక దేశం మీద శాంక్షన్స్ పెట్టిన్రని వార్తలొస్తే? అక్కడ ఆంక్షలు. మాట ఒకటే, అర్థాలు దాదాపు ఎదురెదురు. వాక్యం చూడకుండా దీనికి ఆంటోనిమ్ చెప్పలేం.

ఇంకోటి 'ఏలియనేట్'. గైడ్‌లో 'దూరం చేయడం' అని ఉంటది, ఎదురుగా 'యునైట్' అని ఉంటది. మార్కుకు అంతే చాలు. కానీ భూమి కాయితాల్లో ఆ మాటకు అర్థం వేరు. అమ్మి గానీ, ఇంకో తీరుగ గానీ భూమిని వేరేవాళ్ల పేరు మీదికి మార్చడం. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన భూమి 'హెరిటబుల్', కానీ 'ఏలియనబుల్' కాదు. అంటే పిల్లలకు వారసత్వంగా వస్తది, అమ్మడానికి వీల్లేదు. పేదలకు సర్కారిచ్చిన అసైన్డ్ భూముల బదిలీని అడ్డుకునే 1977 చట్టం వెనుక ఉన్నది కూడా ఇదే షరతు. ఈ మాట తెల్వకపోతే పోయేది ఒక్క మార్కు కాదు. ఎవరన్నా కాయితం తెచ్చి వేలిముద్ర వేయమంటే, బాపుకు అందులో ఏముందో చదివి చెప్పాల్సింది మనమే.

మూడోది మన చరిత్రల ఉంది. 1871లో బ్రిటిష్ వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి, జాతులకు జాతులనే నేరస్థులుగా 'నోటిఫై' చేసిన్రు. బంజారా సమూహాలు కూడా అనేక చోట్ల ఆ జాబితాకెక్కినయి. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది, అందరూ 'డీనోటిఫైడ్' అయిన్రు. ముందు 'డీ' చేరింది, ఆంటోనిమ్ తయారైంది. కానీ ఆ మాటకు అర్థం జాబితా నుంచి పేరు తీసేసిన్రని మాత్రమే. 'వీళ్లు ఏ నేరం చేయలే' అనే అర్థం అందులో లేదు. తర్వాత హాబిచ్యువల్ అఫెండర్స్ చట్టాలొచ్చినయి. మాట మారినంత మాత్రాన చూపు మారలే.

పరీక్ష దగ్గరికొచ్చింది, ఇవన్నీ చూసే టైం ఎక్కడిది అంటారు కొందరు. నెల రోజులే ఉంటే బట్టీనే దిక్కు, ఒప్పుకుంటం. ఏడాది ఉన్నోళ్లు మాత్రం 'అన్', 'ఇన్', 'డిస్', 'డీ' ఎట్ల పనిచేస్తయో నేర్చుకోండి. ఒక్క మూలం పడితే నాలుగు మాటలొస్తయి. అందులో కూడా జాగ్రత్త. పెట్రోల్ ట్యాంకర్ మీద 'ఇన్‌ఫ్లేమబుల్' అని ఉంటే అంటుకోదని కాదు, భగ్గుమంటదని.

మనం చేయగలిగే పని చిన్నదే. రోజుకు ఐదు మాటలు. ఒక్కోదానికి ఒక వాక్యం, గోర్ బోలిల అర్థం తెలుగు అక్షరాలతో, తర్వాతనే ఆంటోనిమ్. ఇంట్ల యాడికి అర్థమయ్యేటట్టు చెప్పగలిగితే ఆ మాట మనదైనట్టే.